ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్: ఆర్కేడ్ పెట్టెలో పరీక్ష, వైరింగ్

ఒకదానికొకటి ఎక్కడా తగలని రెండు చుట్టలున్న ట్రాన్స్‌ఫార్మరును, ఆ తగలకపోవడం కోసమే వాడినప్పుడు ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ అంటారు. ప్లగ్గు నుంచి వచ్చిన కరెంటు ప్రైమరీ చుట్టలో తిరిగి మళ్లీ లైనులోకే పోతుంది. సెకండరీలో కనిపించే వోల్టేజిని పుట్టించేది ఇనుప కోరులో క్షణక్షణం మారే అయస్కాంత ప్రవాహం. రెండు చుట్టల మధ్య రాగి సంబంధం ఉండదు. అందుకే 230 వోల్టులు తీసుకుని 230 వోల్టులే ఇచ్చే ట్రాన్స్‌ఫార్మరును కూడా డబ్బు పెట్టి కొంటారు.

పిక్చర్ ట్యూబున్న ఆర్కేడ్ వీడియో గేమ్ యంత్రాలకు, ట్యూబు టీవీలు బాగుచేసే బల్లకు ఇది తప్పనిసరి సామాను. కోనసీమలోని అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో నాణెం వేసి ఆడే ఆర్కేడ్ పెట్టెలు అరుదు. అయితే ఆ పెట్టెలో ఉండే మానిటరు కలర్ టీవీకి తోబుట్టువే. లోపలి సర్క్యూటు కరెంటు లైనుకే తగిలి ఉండే సమస్య టీవీని రిపేరు చేసిన ప్రతి మెకానిక్కుకూ తెలుసు. పాత టీవీని చెక్క పెట్టెలో బిగించి గేమ్ బోర్డు కలుపుదామనుకునేవారికీ, అమెరికా నుంచి 120 వోల్టుల యంత్రం తెప్పించుకున్నవారికీ ఇది నేరుగా ఎదురవుతుంది. ఈ వ్యాసం ప్రధానంగా వారిని దృష్టిలో పెట్టుకుని రాసినది.

ఆర్కేడ్ మానిటరుకు ఇది ఎందుకు కావాలి

1972లో అటారీ కంపెనీ పాంగ్ ఆట మొదటి నమూనా కట్టినప్పుడు అందులో పెట్టింది దుకాణంలో కొన్న హిటాచీ బ్లాక్ అండ్ వైట్ టీవీ. 1978లో స్పేస్ ఇన్వేడర్స్, 1980లో పాక్‌మాన్, 1981లో డాంకీ కాంగ్ వచ్చేసరికి ఆర్కేడ్‌ల కోసమే మానిటర్లు తయారవుతున్నాయి. ఎలక్ట్రోహోమ్ జీ07, వెల్స్-గార్డ్‌నర్ కె7000 వాటిలో బాగా వాడుకలోకి వచ్చినవి. ట్యూనరూ, స్పీకరూ తీసేసి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం సిగ్నళ్లను నేరుగా అందుకునే కలర్ టీవీ అనుకోవచ్చు. సర్క్యూటు పద్ధతి మాత్రం టీవీదే.

బరువైన ట్రాన్స్‌ఫార్మరును తీసేసి, లైను వోల్టేజినే డయోడ్లతో డీసీగా మార్చుకోవడం టీవీ తయారీదారులు ఖర్చు తగ్గించుకోవడానికి పట్టిన దారి. 120 వోల్టుల ఏసీని రెక్టిఫై చేస్తే కెపాసిటరు మీద సుమారు 170 వోల్టుల డీసీ నిలుస్తుంది. మన 230 వోల్టులకైతే సుమారు 325. ఇలా చేసినప్పుడు సెట్టు లోపలి గ్రౌండు, అంటే చాసిస్, లైనుతో కలిసిపోతుంది. మెకానిక్కులు దీన్నే హాట్ చాసిస్ అంటారు. పెట్టె మూసి ఉండి, ఇంట్లోవాళ్లు ముట్టుకునేవన్నీ ప్లాస్టిక్ మీటలే అయితే ఇబ్బంది లేదు. యాంటెన్నా తీగ కూడా చిన్న ఐసోలేషన్ కెపాసిటర్ల మీదుగానే లోపలికి వెళ్తుంది కాబట్టి దాన్ని పట్టుకున్నా షాక్ కొట్టదు.

ఆర్కేడ్ పెట్టెలో పరిస్థితి వేరు. గేమ్ బోర్డు నుంచి వచ్చే సిగ్నల్ తీగలతో పాటు బోర్డు గ్రౌండు కూడా మానిటరు చాసిస్‌కు కలపాలి, లేకపోతే బొమ్మ రాదు. బోర్డు గ్రౌండు పవర్ సప్లై ద్వారా ఎర్తుకు చేరుతుంది. నాణెం వేసే ఇనుప తలుపూ, కంట్రోల్ ప్యానెలూ ఎర్తుకు కలిసే ఉంటాయి. ఇప్పుడు హాట్ చాసిస్‌ను లైనుకు నేరుగా పెట్టారనుకుందాం. బ్రిడ్జ్ రెక్టిఫయర్‌లో డీసీ నెగటివ్ కొస ఒక అర్ధచక్రంలో న్యూట్రల్‌తో, ఇంకో అర్ధచక్రంలో ఫేజుతో కలుస్తుంది. ఫేజుతో కలిసిన ఆ సగంలో ఫేజు నుంచి డయోడు మీదుగా, చాసిస్ మీదుగా, వీడియో గ్రౌండు తీగ మీదుగా ఎర్తుకు సూటిగా దారి పడుతుంది. ప్లగ్గును ఎటు తిప్పి పెట్టినా ఫలితం మారదు. డయోడ్లు పోతాయి, ఫ్యూజు పోతుంది, గేమ్ బోర్డు మీది సన్నటి రాగి గీతలు కాలిపోతాయి. ఎర్తు సరిగా లేని పెట్టెలో ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఫ్యూజు పోదు. ఇనుప తలుపు ఫేజు మీద ఉండిపోయి, నాణెం వేయడానికి వచ్చినవారి చేతికోసం ఎదురుచూస్తుంది.

లైనుకూ మానిటరుకూ మధ్య ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే చాసిస్‌కు లైనుతో సంబంధం తెగిపోతుంది. దాన్ని గేమ్ బోర్డు గ్రౌండుకు కలిపినా కరెంటు తిరిగి లైనులోకి పోయే దారి లేదు కాబట్టి ఏమీ కాదు. జపాన్‌లో లైను 100 వోల్టులు. అందుకే నింటెండో అమెరికాలో అమ్మిన డాంకీ కాంగ్ పెట్టెల్లో 120ని 100కు తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు ఉండేది, వేర్పాటు పనీ అదే చేసేది. ఆస్టరాయిడ్స్ (1979) వంటి, గీతలతో బొమ్మ గీసే వెక్టర్ ఆటల మానిటర్లకు పెట్టె అడుగున ఉండే పెద్ద ట్రాన్స్‌ఫార్మరే తక్కువ వోల్టేజి ఇస్తుంది కాబట్టి వాటికి విడిగా ఇంకొకటి అక్కరలేదు.

తర్వాతి కాలపు టీవీల్లో ఈ వేర్పాటు స్విచ్ మోడ్ పవర్ సప్లై (ఎస్ఎంపీఎస్) రూపంలో సెట్టు లోపలికే వచ్చింది. ఎస్ఎంపీఎస్‌లోని చిన్న ఫెరైట్ ట్రాన్స్‌ఫార్మరు ఆ పని చేస్తుంది. ప్రైమరీ వైపు హాట్ గ్రౌండు, సెకండరీ వైపు కోల్డ్ గ్రౌండు అని మెకానిక్కులు ఎంచే రెండు గ్రౌండ్లు అక్కడివే. ఆడియో, వీడియో సాకెట్లున్న సెట్లలో బయటి తీగలు తగిలేది కోల్డ్ వైపే. అసలు చిక్కు అంతకు ముందు తరం సెట్లతో. దేశంలో కలర్ ప్రసారాలు 1982లో మొదలయ్యాయి. ఆ తర్వాత కొన్నేళ్లపాటు వచ్చిన సెట్లలో యాంటెన్నా సాకెట్టు తప్ప ఇంకేమీ లేనివి చాలా ఉన్నాయి. అలాంటి సెట్టు లోపల వీడియో దారి వెతికి, అక్కడ నేరుగా తీగ అతికించి గేమ్ కలిపితే, యాంటెన్నా దగ్గర తయారీదారు పెట్టిన కెపాసిటర్ల రక్షణను దాటిపోయినట్టే. పైన చెప్పిన ప్రమాదం మొత్తం ఆ ఒక్క తీగతో ఇంట్లోకి వస్తుంది.

స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మరు, కోనసీమ నేల

వీధి చివర స్తంభం మీద ఉండే ట్రాన్స్‌ఫార్మరు 11 వేల వోల్టులను 433కు తగ్గిస్తుంది. దాని చుట్టలూ వేరువేరే. అయినా అది మనకు వేర్పాటు ఇవ్వదు, ఎందుకంటే దాని సెకండరీ న్యూట్రల్‌ను కావాలనే భూమికి కలుపుతారు. ఎక్కడైనా లోపం వస్తే ఫ్యూజు పోవడానికీ, న్యూట్రల్ వోల్టేజి అటూ ఇటూ ఊగకుండా ఉండటానికీ అలా చేయడం అవసరం. దాని ఫలితంగానే నేలమీద నిలబడి ఫేజును ముట్టుకున్న మనిషి గుండా 230 వోల్టుల సర్క్యూటు పూర్తవుతుంది. చర్మం తడిగా ఉన్నప్పుడు ఒంటి నిరోధం సుమారు 1000 ఓములకు దిగవచ్చు. అప్పుడు పారే కరెంటు 200 మిల్లీ ఆంపియర్లు దాటుతుంది. 10 మిల్లీ ఆంపియర్ల దగ్గరే చెయ్యి బిగుసుకుపోయి తీగను వదల్లేని స్థితి వస్తుంది.

గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య ఉన్న కోనసీమలో నేల ఏడాదిలో ఎక్కువ కాలం తడిగానే ఉంటుంది. కొద్ది అడుగులు తవ్వితే నీరు పడే చోట్లున్నాయి. ఎర్తు గొయ్యికి ఇది మంచి నేల. మెట్టప్రాంతంలో ఉప్పూ బొగ్గూ పోసి, నీళ్లు పోసి సాధించే తక్కువ నిరోధం ఇక్కడ పైపు దింపితే చాలావరకు వచ్చేస్తుంది. అదే తడి నేల వట్టి కాళ్లతో నిలబడ్డ మనిషికీ మంచి ఎర్తే అవుతుంది. అంతర్వేది నుంచి ఓడలరేవు దాకా సముద్రం పక్క ఊళ్లలో ఉప్పు గాలి కూడా తోడై, జీఐ పైపులూ క్లాంపులూ తొందరగా తుప్పు పడతాయి. కట్టినరోజు బాగున్న ఎర్తు కొన్నేళ్లకు పేరుకే ఎర్తుగా మిగలవచ్చు. ఆర్కేడ్ పెట్టె పెట్టబోయే గదిలో మొదట చూడవలసింది మూడో పిన్ను వెనక నిజంగా ఎర్తు ఉందా అన్నది. ఫేజుకూ ఎర్తు పిన్నుకూ మధ్య 100 వాట్ల ఫిలమెంటు బల్బు పెడితే నిండుగా వెలగాలి. ఆర్‌సీసీబీ అనే లీకేజి బ్రేకరు ఉన్న ఇంట్లో ఈ పరీక్షకు అది వెంటనే పడిపోతుంది. అదీ ఒక మంచి కబురే.

స్టెబిలైజరు ఐసోలేషన్ ఇవ్వదు

ఈ విషయంలో పొరపాటు చాలా సాధారణం కాబట్టి విడిగా చెప్పుకోవాలి. లో వోల్టేజి బాధ ఎరిగిన ఇళ్లలో టీవీకో ఫ్రిజ్‌కో స్టెబిలైజరు ఉండేది. అందులో ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది, బరువుగానూ ఉంటుంది. కానీ ఎక్కువ భాగం స్టెబిలైజర్లలో ఉండేది ఆటో ట్రాన్స్‌ఫార్మరు. దాని చుట్ట ఒక్కటే. ఆ ఒక్క చుట్ట మధ్యలో అక్కడక్కడ ట్యాపులు తీసి వోల్టేజిని మారుస్తారు. లోపలి తీగకూ బయటి తీగకూ రాగి సంబంధం అలాగే ఉంటుంది.

110 వోల్టుల సామానుకు వాడే స్టెప్‌డౌన్ కన్వర్టర్లదీ చాలాసార్లు ఇదే కథ. రాజోలు, మలికిపురం ప్రాంతాల నుంచి గల్ఫ్ వెళ్లినవారు ఎక్కువ. సౌదీ అరేబియా ఇళ్లలో చాలాకాలం 127 వోల్టులు, 60 హెర్ట్జ్ ఉండేది. అక్కడి సామానుకోసమో, అమెరికా నుంచి వచ్చిన సామానుకోసమో కొన్న కన్వర్టరు ఇంట్లో ఉంటే, దాన్నే ఆర్కేడ్ మానిటరుకు పెడదామన్న ఆలోచన సహజంగా వస్తుంది. మీటరు పెడితే 110 చూపిస్తుంది, మానిటరు కూడా ఆన్ అవుతుంది. వీడియో తీగ కలిపిన క్షణంలో డయోడ్లు పోతాయి. సరైన వోల్టేజి వచ్చినంత మాత్రాన వేర్పాటు ఉన్నట్టు కాదు. రెండిటినీ విడివిడిగా పరీక్షించాలి.

పరీక్ష

పరీక్షలో మొదటి సగం ప్లగ్గు పీకి ఉండగా జరగాలి. పాత పెట్టెలోంచి తీసిన ట్రాన్స్‌ఫార్మరైతే ముందు కళ్లతో చూడాలి. వార్నిష్ నల్లబడిందా, చుట్టల మీది కాగితం పెళుసెక్కిందా, కోరు రేకులు (స్టాంపింగులు) తుప్పుపట్టి ఉబ్బాయా, మాడిన వాసన వస్తోందా అన్నవి మీటరు కన్నా ముందే చాలా చెబుతాయి. తీగల రంగుల్ని నమ్మకూడదు. ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి, మధ్యలో ఎవరో మార్చి కూడా ఉండవచ్చు.

తర్వాత మల్టీమీటరును ఓముల మీద పెట్టి ఏ రెండు తీగలు ఒక చుట్టవో పట్టుకోవాలి. 150 వీఏ స్థాయి 230/120 ట్రాన్స్‌ఫార్మరులో ప్రైమరీ నిరోధం సుమారు 8 నుంచి 10 ఓములు, సెకండరీ 3 ఓముల చుట్టుపక్కల ఉండటం సహజం. పెద్దదానికి ఇంకా తక్కువ. అసలు ప్రశ్న ఆ తర్వాతది. ప్రైమరీ తీగ మీద ఒక ప్రోబు, సెకండరీ తీగ మీద ఇంకో ప్రోబు పెట్టినప్పుడు మీటరు ఓపెన్ చూపాలి. కొన్ని ఓములు చూపిందంటే అది ఆటో ట్రాన్స్‌ఫార్మరు, ఈ పనికి పనికిరాదు. ఒక్కో చుట్టకూ కోరుకూ మధ్య కూడా ఓపెన్ ఉండాలి. కోరు మీద వార్నిష్ ఉంటుంది కాబట్టి ప్రోబుతో గీకి, లోహానికి తగిలేలా పెట్టాలి.

మల్టీమీటరు పరీక్షిస్తున్నది తన బ్యాటరీ ఇచ్చే కొద్దిపాటి వోల్టేజితోనే. తేమ పీల్చిన కాగితం ఆ కొద్దిపాటికి ఓపెన్‌లాగే కనిపించి, 230 దగ్గర లీకవచ్చు. ఇక్కడ ఎక్కువ వోల్టేజితో ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ కావాలి. 500 వోల్టుల మెగ్గర్‌తో ప్రైమరీకీ సెకండరీకీ మధ్య, ప్రైమరీకీ కోరుకూ మధ్య, సెకండరీకీ కోరుకూ మధ్య మూడు కొలతలు తీయాలి. ఆరోగ్యంగా ఉన్న ట్రాన్స్‌ఫార్మరు వందల మెగా ఓములు చూపుతుంది. కొద్ది మెగా ఓములకు పడిపోతే తేమ చేరినట్టు. ఆరబెట్టి మళ్లీ కొలిస్తే పెరగాలి. ఆరబెట్టినా పెరగకపోతే ఇన్సులేషనే దెబ్బతిన్నది, దాన్ని వాడకూడదు. మెగ్గర్ ఇంట్లో ఉండే వస్తువు కాదు గానీ, వ్యవసాయ మోటార్లూ చెరువుల ఏరేటర్ల మోటార్లూ చుట్టే వైండింగ్ షాపులో అడగవచ్చు. కోనసీమలాంటి తేమ ప్రాంతంలో ఈ పరీక్ష మానేసి మిగతావన్నీ చేయడం కన్నా, మిగతావి కొన్ని మానేసి ఇది చేయడం మేలు.

ఇక కరెంటు పెట్టి చేసే పరీక్షలు. టీవీ మెకానిక్కు బల్ల మీద ఉండే సిరీస్ బోర్డు ఇక్కడ ప్రాణరక్షకం. ప్రైమరీకి సిరీస్‌లో 100 వాట్ల ఫిలమెంటు బల్బు పెట్టి, సెకండరీ ఖాళీగా ఉంచి స్విచ్చు వేయాలి. బల్బు ఒక్క క్షణం మినుక్కుమని ఆరిపోవాలి, లేదా చాలా మందంగా ఎర్రగా ఉండాలి. నిండుగా వెలిగి అలాగే ఉంటే లోపల చుట్లు షార్టయ్యాయి. ఎల్ఈడీ బల్బు ఈ పనికి పనికిరాదు. కరెంటుకు అడ్డుపడే గుణం ఫిలమెంటుదే. దుకాణాల్లో ఫిలమెంటు బల్బులు తగ్గిపోతున్నాయి కాబట్టి ఒకటి రెండు దాచిపెట్టుకోవడం మంచిది.

రెండు సగాలుగా ఉన్న ప్రైమరీలతో, అంటే 115, 115 వోల్టుల చుట్టలతో వచ్చే ట్రాన్స్‌ఫార్మర్లకు సిరీస్ బల్బు మరీ ముఖ్యం. 230కి ఆ రెండు చుట్టలనూ సిరీస్‌లో కలపాలి. ఒక చుట్ట చివర ఇంకో చుట్ట మొదలుకు చేరాలి. తిరగేసి కలిపితే రెండిటి అయస్కాంత ప్రవాహాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, లైనుకు దాదాపు షార్టు కనిపిస్తుంది. బల్బు ఉంటే వెలిగి చెబుతుంది. లేకపోతే ఫ్యూజో, ట్రాన్స్‌ఫార్మరో చెబుతుంది.

బల్బు తీసేసి నేరుగా లైను ఇచ్చాక సెకండరీ వోల్టేజి కొలవాలి. లోడు లేనప్పుడు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు లేబులు మీద ఉన్నదానికన్నా ఐదారు శాతం ఎక్కువ చూపడం మామూలే. 120 అన్నది 126 చూపితే కంగారుపడక్కరలేదు. ఆ తర్వాత వేర్పాటు పరీక్ష. నియాన్ టెస్టరును సెకండరీ కొసలకు ఒక్కొక్కదానికి తాకిస్తే, లైనులో ఫేజు వెలిగినట్టు ఏదీ నిండుగా వెలగకూడదు. రెండూ వెలగకపోవచ్చు, రెండూ మసకగా వెలగనూవచ్చు. ఒక్కటే ప్రకాశవంతంగా వెలిగితే వేర్పాటు లేనట్టే. టెస్టరు వెలగలేదు కదా అని రెండు కొసలనూ రెండు చేతులతో పట్టుకుంటే మాత్రం పూర్తి వోల్టేజి ఒంట్లోంచి పోతుంది. ఐసోలేషన్ మనిషికీ నేలకూ మధ్య దారి తెంచుతుంది. రెండు తీగల మధ్య ఉన్న వోల్టేజిని అది ఏమీ చేయదు.

డిజిటల్ మీటరుతో సెకండరీ కొసకూ ఎర్తుకూ మధ్య కొలిస్తే పదుల వోల్టులు కనిపించి, చాలామంది ట్రాన్స్‌ఫార్మరు పాడైందని పక్కన పడేస్తారు. రెండు చుట్టలూ పక్కపక్కనే ఉండటం వల్ల వాటి మధ్య చిన్న కెపాసిటెన్సు ఉంటుంది. దానిగుండా అతి కొద్ది కరెంటు జారుతుంది. మీటరు నిరోధం చాలా ఎక్కువ కాబట్టి ఆ కొద్దిపాటికే అంకె చూపిస్తుంది. అదే చోట లక్ష ఓముల, 2 వాట్ల రెసిస్టరు పెట్టి దానికి అడ్డంగా కొలిస్తే, మంచి ట్రాన్స్‌ఫార్మరులో వోల్టేజి కుప్పకూలుతుంది. కూలకుండా నిలబడితే నిజమైన లీకేజి ఉంది.

చివరగా లోడు. మానిటరు తీసుకునేంత వాట్ల బల్బులు సెకండరీకి తగిలించి గంటసేపు ఉంచాలి. 19 అంగుళాల కలర్ మానిటరుకు 100 వాట్ల లోడు సరిపోతుంది, కానీ 120 వోల్టుల సెకండరీకి మన 230 వోల్టుల బల్బులు తగిలిస్తే రాసిన వాట్లలో సగం కూడా లాగవు, కాబట్టి ఎక్కువ బల్బులు కావాలి. వోల్టేజి ఐదారు శాతానికి మించి పడకూడదు. స్విచ్చు కట్టి ముట్టుకున్నప్పుడు వేడిగా ఉండవచ్చు, చెయ్యి పెట్టి ఉంచలేనంతగా మాత్రం కాకూడదు.

వైండింగ్ షాపులో చుట్టించుకోవడం

మన ఊళ్లలో 230/120 ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు దొరకకపోతే చుట్టించుకోవడం మంచి మార్గం. కొత్తగా కొనేదానికన్నా నమ్మకమైనది కూడా, ఎందుకంటే లోపల ఏముందో కళ్లతో చూస్తాం. చెప్పవలసిన మాట ఒక్కటే: చుట్టలు రెండూ వేరుగా ఉండాలి. చెప్పకపోతే తీగ ఆదా అవుతుంది కాబట్టి ఆటో పద్ధతిలో చుట్టేయడానికి అవకాశం ఉంది.

150 వీఏకు కోరు మధ్య కాలు వైశాల్యం సుమారు 12 చదరపు సెంటీమీటర్లు కావాలి. అయస్కాంత సాంద్రతను 1.1 టెస్లా దగ్గర ఉంచితే, 50 హెర్ట్జ్‌కు వోల్టుకు 3.4 చుట్లు పడతాయి. 230 వోల్టులకు దాదాపు 785 చుట్లు. సెకండరీ 120కి లెక్క ప్రకారం 410. లోడు మీద పడిపోయే వోల్టేజిని పూడ్చడానికి 5 శాతం కలిపి 430 చుట్లు వేయాలి. ప్రైమరీకి 23 గేజి, సెకండరీకి 21 గేజి ఎనామెల్ తీగ సరిపోతుంది. రెండు చుట్టల మధ్య లెథరాయిడ్ కాగితం ఒక్క పొర కాకుండా కొన్ని పొరలు, బాబిన్ అంచులదాకా వెళ్లేలా వేయాలి. పై చుట్ట తీగ అంచునుంచి జారి కింది చుట్టకు తగలడమే ఇలాంటి ట్రాన్స్‌ఫార్మర్లలో తరచు కనిపించే లోపం. ఇంకా మంచిది కావాలంటే ప్రైమరీనీ సెకండరీనీ బాబిన్‌లో రెండు వేరు అరల్లో చుట్టించవచ్చు. చుట్టల మధ్య రాగి రేకు పెట్టి దాన్ని ఎర్తుకు కలిపే పద్ధతి ఉంది. దానివల్ల లైనులోని గరగరలు మానిటరుకు చేరవు. ఆ రేకు రెండు కొసలూ ఒకదానికొకటి తగలకుండా మధ్య కాగితం వేయాలి. తగిలితే అది ఒక షార్టు చుట్టు అయి కాలిపోతుంది.

ఇక్కడే ఫ్రీక్వెన్సీ గురించి చెప్పాలి. అమెరికాలో 60 హెర్ట్జ్‌కు చేసిన ట్రాన్స్‌ఫార్మరుకు అదే కోరు మీద వోల్టుకు 2.8 చుట్లే చాలు. లేబులు మీద 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉన్నదాన్ని మన 50 హెర్ట్జ్‌కు పూర్తి వోల్టేజి మీద పెడితే కోరులో ప్రవాహం 20 శాతం పెరుగుతుంది. కోరు నిండిపోయి, లోడు లేకుండానే వేడెక్కి బొంయ్‌మంటుంది. 50/60 అని రాసి ఉన్నదైతే భయం లేదు.

వైరింగ్

మూడు పిన్నుల ప్లగ్గు నుంచి వచ్చే ఫేజు, న్యూట్రల్ రెండూ కలిసి తెగే డబుల్ పోల్ స్విచ్చుకు వెళ్లాలి. సాకెట్టులో ఫేజూ న్యూట్రలూ తారుమారై ఉండవచ్చు కాబట్టి ఒక్క తీగను తెంచే స్విచ్చును నమ్మలేం. స్విచ్చు తర్వాత ఫేజులో ఫ్యూజు, ఆ తర్వాత లైను ఫిల్టరు. అక్కడినుంచి దారి చీలుతుంది. గేమ్ బోర్డుకు 5, 12 వోల్టులు ఇచ్చే ఎస్ఎంపీఎస్ ఒకవైపు, పైన పేరు పలకకు వెలుగిచ్చే దీపం ఒకవైపు, ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు ప్రైమరీ ఒకవైపు. ఎస్ఎంపీఎస్‌ను ట్రాన్స్‌ఫార్మరు తర్వాత పెట్టనక్కరలేదు. దానికి వేర్పాటు లోపలే ఉంది, పైగా అనవసరంగా లోడు పెరుగుతుంది.

ట్రాన్స్‌ఫార్మరుకు 150 వీఏ, 230 వోల్టులంటే ప్రైమరీ కరెంటు 0.65 ఆంపియర్లు. అయినా స్విచ్చు వేసిన క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది కాబట్టి 1 ఆంపియర్ స్లో బ్లో ఫ్యూజు పెట్టాలి. సెకండరీలో మానిటరు తయారీదారు చెప్పిన ఫ్యూజు విడిగా ఉండాలి. ప్రైమరీ ఫ్యూజు మానిటరును కాపాడుతుందని అనుకోకూడదు. ఒక ట్రాన్స్‌ఫార్మరు మీద ఒకే మానిటరు పెట్టడం మంచిది.

ఎర్తు తీగ ప్లగ్గు నుంచి ఒక బోల్టుకు వచ్చి, అక్కడినుంచి నాణెం తలుపు, కంట్రోల్ ప్యానెల్ లోహం, ఎస్ఎంపీఎస్ బాడీ, మానిటరు ఇనుప ఫ్రేము, ట్రాన్స్‌ఫార్మరు కోరు అన్నిటికీ విడివిడిగా వెళ్లాలి. సెకండరీ కొసను మాత్రం ఎర్తుకు కలపకూడదు. ఇళ్ల వైరింగ్ అలవాటున్న ఎలక్ట్రీషియన్లు ప్రతి ట్రాన్స్‌ఫార్మరు సెకండరీలోనూ ఒక కొసను ఎర్తు చేయడం సరైనదని అనుకుంటారు, మిగతాచోట్ల అది సరైనదే కూడా. ఇక్కడ చాసిస్ గ్రౌండు వీడియో తీగ ద్వారా ముందే ఎర్తుకు చేరింది. సెకండరీ కొసను కూడా ఎర్తు చేస్తే బ్రిడ్జ్‌లో ఒక డయోడుకు అటూ ఇటూ షార్టు పడి, ఐసోలేషన్ లేని రోజుల పరిస్థితే మళ్లీ వస్తుంది.

ట్రాన్స్‌ఫార్మరును పెట్టె అడుగున బోల్టులతో బిగించాలి, పిక్చర్ ట్యూబుకు వీలైనంత దూరంలో. దాని చుట్టూ చిందే అయస్కాంత క్షేత్రం ట్యూబులోని ఎలక్ట్రాన్ ధారను కదిలిస్తుంది. అమెరికాలో లైనూ 60 హెర్ట్జ్, ఆట బోర్డు తెరను నింపే వేగమూ 60 దగ్గరే కాబట్టి ఆ కదలిక నెమ్మదిగా జారే అలలా ఉండి పెద్దగా తెలియదు. మన దగ్గర లైను 50, తెర 60. తేడా సెకనుకు పది. బొమ్మ సెకనుకు పదిసార్లు వణుకుతుంది, ఆడేవాళ్లకు కళ్లు లాగుతాయి. ట్రాన్స్‌ఫార్మరును కొంచెం తిప్పి బిగించినా ఈ వణుకు తగ్గుతుంది.

మానిటరు చాసిస్ మీద చెయ్యి పెట్టేముందు ప్లగ్గు పీకి, పెద్ద కెపాసిటరు దిగిందని మీటరుతో చూసుకోవాలి. కలర్ ట్యూబు ఆనోడు దగ్గర 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది. మానిటరు ఫ్రేముకు కలిపిన తీగ కట్టిన పొడవాటి స్క్రూడ్రైవరుతో దాన్ని దింపాలి. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు ఉన్నా ఈ రెండు ప్రమాదాలూ అలాగే ఉంటాయి.

ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే ప్రైమరీ వరకు అది కాపలా కాస్తుంది. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే పడిపోవడమే దాని పద్ధతి. ట్రాన్స్‌ఫార్మరు అవతల ఏం జరిగినా ప్రైమరీలో రెండూ సమానంగానే ఉంటాయి, కాబట్టి సెకండరీ వైపు షాక్‌ను అది చూడలేదు. పెట్టె వెనక తలుపుకు, తెరవగానే లైను తెగే స్విచ్చు పెట్టడం అందుకే అవసరం.

వరద, తుపాను తర్వాత

1986 ఆగస్టులోనూ, 2022 జులైలోనూ గోదావరి వరదలకు కోనసీమ లంక గ్రామాలు మునిగాయి. 1996 నవంబరు 6 తుపాను కొబ్బరి తోటల్ని కూల్చి కరెంటు లైన్లను నేలకు దించింది. నీళ్లు చేరిన గదిలో ఉన్న ట్రాన్స్‌ఫార్మరును పైకి ఆరినట్టు కనబడగానే లైనులో పెట్టకూడదు. స్టాంపింగుల మధ్యా, కాగితం పొరల్లోనూ నీరు రోజులకొద్దీ నిలుస్తుంది. ముందు మంచినీళ్లతో కడగాలి. వరద నీటిలోని ఒండ్రు, సముద్రపు నీటిలోని ఉప్పు ఆరిన తర్వాత కూడా తేమను పీలుస్తూనే ఉంటాయి. తర్వాత చెక్క పెట్టెలో 60 వాట్ల బల్బు కింద, గాలి ఆడేలా, రెండు మూడు రోజులు ఆరబెట్టాలి. రోజూ మెగ్గర్‌తో కొలవాలి. మొదట వేడికి తేమ కదిలి కొలత తగ్గుతుంది, ఆ తర్వాత పెరగడం మొదలవుతుంది. వందల మెగా ఓములకు చేరి అక్కడ నిలిచిన తర్వాత వార్నిష్‌లో ముంచి మళ్లీ ఆరబెట్టాలి. ఆ తర్వాతే సిరీస్ బల్బు ద్వారా మొదటిసారి కరెంటు ఇవ్వాలి. ఉప్పునీటిలో మునిగినదైతే, ఎంత ఆరబెట్టినా కోరు అలాగే ఉంచి చుట్టలు కొత్తగా వేయించడమే సరైన పని.